తిరుపతి బజారులో సముద్రపు రొయ్యను గుర్తుపట్టి కొనడం ఎలా?

తిరుపతివాళ్లకు సముద్రం అనగానే చెన్నై గుర్తుకొస్తుంది. కొండ కింద ఊరు, మనకూ అలలకూ ఏం సంబంధం అనుకుంటాం. నిజానికి 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడిన రోజు నుంచీ మనది తీరప్రాంత జిల్లా. సూళ్లూరుపేట, తడ, వాకాడు మన మండలాలే. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్‌లో ఎక్కువ భాగం మన వైపే ఉంది. చంద్రగిరి కొండల్లో పుట్టి మన ఊరి పక్కగా పారే స్వర్ణముఖి కూడా శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి చివరికి బంగాళాఖాతంలోనే కలుస్తుంది. ఏటికి తెలిసిన దారి మనకు తెలియదు, అంతే.

కొన్నేళ్ల క్రితం నేను బజారులో 'పులికాట్ తెల్ల రొయ్య' అన్న మాట నమ్మి, మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి రెండు కిలోలు తెచ్చాను. ఆ రోజు సూళ్లూరుపేట నుంచి మా పెద్దమ్మ వచ్చి ఉంది. గిన్నెలోంచి ఒక రొయ్యను తీసి, నెత్తిమీది ముల్లు మీద గోరు పెట్టి ఇటూ అటూ నడిపి నవ్వింది. "ఇది చెరువుల్లో పెంచే వనామీ జాతి రా. సముద్రం ముఖం కూడా చూసి ఉండదు." తరువాత ఆమె దగ్గర నేర్చుకున్నవీ, చదివి తెలుసుకున్నవీ, నాలుగైదుసార్లు మోసపోయి పోగుచేసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. చెరువు రొయ్య చెడ్డదని నేను అనడం లేదు. వనామీ ధర ఇచ్చి వనామీ కొనుక్కుంటే ఎవరికీ బాధ లేదు. సముద్రపు రొయ్య ధర ఇచ్చి వనామీ తెచ్చుకుంటేనే కడుపు మండుతుంది.

1. ముందు దాని బతుకు తెలుసుకోండి

ఇది పాఠంలా అనిపించినా దాటేయకండి. ఏ నెలలో దొరుకుతుంది, ఏ సైజు కొనాలి, ఏ ప్రశ్న అడగాలి అనేవన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

మన తీరంలో పేరున్నది తెల్ల రొయ్య. శాస్త్రవేత్తలు దీన్ని పీనియస్ ఇండికస్ అంటారు. ఈ జీవి రెండు ఇళ్ల కాపురం చేస్తుంది. పుట్టేది సముద్రంలో, పెరిగేది సరస్సులో, మళ్లీ గుడ్లు పెట్టడానికి వెళ్లేది సముద్రానికే. తల్లి రొయ్య లక్షల్లో గుడ్లు పెడుతుంది. వాటిని పొట్ట కింద మోయదు, నేరుగా నీటిలోకి వదిలేస్తుంది. ఒక రోజు గడవకముందే గుడ్డు పగిలి నాప్లియస్ అనే పిల్ల బయటికొస్తుంది. దానికి నోట తినే పని లేదు, ఒంట్లోని సొనతోనే బతుకుతుంది. ఆ తరువాతి దశ ప్రోటోజోయియా. అప్పుడు నీటిలో తేలే సూక్ష్మమైన నాచును తింటుంది. దాని తరువాత మైసిస్ దశ. ఇవన్నీ దాటి రొయ్య ఆకారం రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. హ్యాచరీలవాళ్లు 'పీఎల్' అనేది ఈ దశలోని పిల్లనే.

అసలు ప్రయాణం అప్పుడు మొదలవుతుంది. కనురెప్ప వెంట్రుకంత ఉన్న ఆ పిల్లలు పోటు నీటితో కలిసి, సముద్రమూ సరస్సూ కలిసే ముఖద్వారం గుండా లోపలికి వస్తాయి. లోతు తక్కువ, బురద ఎక్కువ, తిండి పుష్కలం, పెద్ద చేపల బెడద కాస్త తక్కువ. పిల్లలు పెరగడానికి అంతకంటే మంచి చోటు లేదు. కొన్ని నెలలు అక్కడ పెరిగి, జానెడు కాకముందే పాటు నీటితో సముద్రం దారి పడతాయి. ఆడ రొయ్య సుమారు 13 సెంటీమీటర్ల పొడవుకు వచ్చాక గాని గుడ్లకు సిద్ధం కాదు. మొత్తం ఆయుష్షు ఏడాది, మహా అయితే రెండేళ్లు.

అంటే ముఖద్వారం తెరిచి ఉంటేనే పులికాట్‌లో రొయ్య ఉంటుంది. వాకాడు మండలం రాయదొరువు దగ్గరి ముఖద్వారంలో ఇసుక మేట వేస్తే పిల్లలు లోపలికి రాలేవు, ఎదిగినవి బయటికి పోలేవు. 'ఈ ఏడు సరస్సులో రొయ్య లేదు' అని పట్టేవాళ్లు అంటుంటే, చాలాసార్లు ఆ మాట వెనుక ఉన్నది ఇసుకే. రొయ్యలు అమ్మేవాళ్లతో మాట కలిపితే ముందు ఇది అడగండి: "ముఖద్వారం తెరిచి ఉందా అక్కా?" ఆ ప్రశ్న విన్నాక మీకు చెప్పే ధర కూడా కాస్త దారికొస్తుంది. ఇది నా అనుభవం.

2. క్యాలెండర్ చూసుకోండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లతో సముద్రంలో వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలంలో జీవాలకు ఊపిరి ఇవ్వడానికి పెట్టిన నియమం ఇది. ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకు ఇది వర్తించదు. కాబట్టి మే నెల మధ్యలో ఎవరైనా పెద్ద పెద్ద రొయ్యలు గుట్ట పోసి 'బోటు సరుకు, నిన్ననే దిగింది' అంటే నవ్వి ముందుకు వెళ్లండి. అది చెరువుదైనా అయి ఉండాలి, గడ్డకట్టించి దాచినదైనా అయి ఉండాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు. కాళంగి, స్వర్ణముఖి నిండుతాయి, సరస్సులో నీరు పెరిగి ఉప్పదనం తగ్గుతుంది, వరద తాకిడికి ముఖద్వారాలు తెరుచుకుంటాయి. రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, వచ్చే కాలం కూడా ఇదే. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ చూడటానికి వెళ్లేవాళ్లు ఐస్ పెట్టె ఒకటి కారులో వేసుకుంటే రెండు పనులూ అవుతాయి. ఎండలు ముదిరేసరికి సరస్సు ఉత్తరపు భాగం చాలామేర ఎండిపోయి నెర్రెలు చాస్తుంది.

మన ఊరికే ప్రత్యేకమైన లెక్క ఇంకొకటి ఉంది. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు, తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్లలో నీచు ముట్టరు. శనివారాలైతే ఏడాది పొడవునా అంతే. తినేవాళ్లకు ఆ రోజుల్లో బేరం చేసుకునే వీలు ఎక్కువ. కానీ అమ్ముడుపోక మిగిలిన సరుకు మరునాటి గుట్టలో కలిసే ప్రమాదమూ అంతే ఎక్కువ. నేను ఆదివారం పొద్దున ముందుగా చూసేది శనివారం మిగులు కలిసిందా లేదా అన్నదే.

చిన్న విషయం ఒకటి. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే రోజుల్లో ఆ చుట్టుపక్కల సముద్రంలోకి వెళ్లవద్దని మత్స్యకారులను హెచ్చరిస్తారు. ఆ మరునాడు సరుకు పలుచగా ఉంటే ఆశ్చర్యపోకండి.

3. ముల్లు మీద గోరు నడపండి

మా పెద్దమ్మ విద్య ఇదే. రొయ్య తలమీద, రెండు కళ్ల మధ్య నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రంపం లాంటి ముల్లు ఉంటుంది. ఆధార్ కార్డులా రొయ్యకు అదే గుర్తింపు. పైఅంచున పళ్లు అన్ని జాతులకూ ఉంటాయి. మీరు చూడాల్సింది కింది అంచు.

గోరు పెట్టి కింది అంచు వెంట నడిపితే నున్నగా జారిపోయిందా? ఒక్క పన్ను కూడా తగల్లేదా? అయితే అది మెటాపీనియస్ వంటి చిన్న జాతి. బజారులో చిన్నగా, గోధుమరంగు చుక్కలతో కనిపించే రొయ్యల్లో చాలావరకు ఇవే. ఇవి తీరంలో, సరస్సులో వలకు పడేవి. పెద్దగా పెరగవు, ధర తక్కువ, పులుసులో రుచి మాత్రం పెద్ద రొయ్యకు తీసిపోదు. నన్నడిగితే వేపుడుకు ఇవే మేలు.

కింద పళ్లు తగిలితే మూడు దారులు. ఒంటిమీద ముదురు, లేత పట్టీలు అడ్డంగా ఉండి, ముల్లు కింద సాధారణంగా మూడు పళ్లుంటే టైగర్ రొయ్య. దీన్ని పోల్చుకోవడానికి కళ్లజోడు కూడా అక్కర్లేదు. పట్టీలు లేకుండా ఒళ్లు పాలిపోయినట్టు తెల్లగా, సన్నటి చుక్కలతో ఉండి, ముల్లు సన్నగా పొడవుగా సాగి, కొన వైపు కొంచెం పైకి వంగి, కింద నాలుగైదు పళ్లుంటే తెల్ల రొయ్య. ఒళ్లు తెల్లగానే ఉన్నా ముల్లు పొట్టిగా, కింద పళ్లు రెండు నుంచి నాలుగు లోపు ఉంటే వనామీ. ఇక్కడే తికమక. కొన్ని తెల్ల రొయ్యలకు కింద మూడే పళ్లుంటాయి, కొన్ని వనామీలకు నాలుగుంటాయి. అందుకే ఒక్క రొయ్యను చూసి తీర్పు చెప్పకండి. గుట్టలో పదింటిని తీసి చూడండి. కొన విరిగినవి లెక్కలోకి తీసుకోవద్దు. ముల్లు పొడవు, వంపు, పళ్లు మూడూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

వనామీ మన జలాల జీవి కాదు. మెక్సికో నుంచి పెరూ వరకు ఉన్న పసిఫిక్ తీరం దానిది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి టైగర్ చెరువులు నెల్లూరు దగ్గర నుంచి గోదావరి జిల్లాల దాకా నష్టాల్లో మునిగాయి. ఆ దెబ్బ తరువాత, 2009లో, వనామీ సాగుకు అనుమతి వచ్చింది. ఇప్పుడు చెరువుల్లో దాని రాజ్యమే. ఇది మీకు పనికొచ్చే సంగతి. బజారులో వనామీ అని తేలితే, అది చెరువుదే, ఇంకో ప్రశ్న అక్కర్లేదు. టైగరుకు మాత్రం ఈ సూత్రం చెల్లదు, అది సముద్రానిదీ కావచ్చు, చెరువుదీ కావచ్చు. తెల్ల రొయ్యనూ కొన్నిచోట్ల చెరువుల్లో పెంచుతారు. అప్పుడు గుట్టను చూడండి. చెరువు పట్టుబడిలో అన్నీ ఒకే ఈడు పిల్లల్లా ఒకే సైజులో ఉంటాయి. వలలో పడినదైతే చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, మధ్యలో వేరే జాతి రొయ్య, చిట్టి పీత, వెండి చేపపిల్ల తొంగిచూస్తుంటాయి. వ్యాపారి ఏరి పెట్టేస్తే ఈ గుర్తు పోతుంది, అది వేరే సంగతి.

నీలకంఠ రొయ్యను మాత్రం వీటితో కలపకండి. పొడవాటి నీలి చేతులతో ఉండే అది మంచినీటి జాతి. పొట్ట కింద గుడ్ల గుత్తి మోస్తూ కనిపిస్తే అది కచ్చితంగా సముద్రపు తెల్ల రొయ్య కాదు. తెల్ల రొయ్య గుడ్లు మోయదని మొదట్లోనే చెప్పుకున్నాం. తల పోయి, చేతులు విరిగిపోయి ఉన్నా ఇంకో గుర్తు ఉంది. పొట్టభాగం గుల్లలో రెండో పెంకు అటు మొదటిదాన్నీ ఇటు మూడోదాన్నీ కప్పుతూ ఉంటే మంచినీటిది. సముద్రపు రొయ్యకు ఆ పెంకు మూడోదాన్ని మాత్రమే కప్పుతుంది, అది మొదటి పెంకు కింద ఉంటుంది. ఇంటి పైకప్పు మీద పెంకుల వరుస గుర్తుంచుకుంటే చాలు.

4. ఎలా పట్టారో అడగండి

పులికాట్‌లో మోకాటి లోతు నీటిలో వంగి, బురదను చేతులతో తడిమి రొయ్యలు పట్టే యానాదులు ఇప్పటికీ ఉన్నారు. వల లేదు, పడవ లేదు, ఒక బుట్ట మాత్రం. విసురు వలతో పట్టేవాళ్లున్నారు. తీరం నుంచి లాగే అలివి వలలున్నాయి. సముద్రంలో అడుగును రాసుకుంటూ లాగే ట్రాలు వలలున్నాయి. చేత్తోనో విసురు వలతోనో పట్టిన రొయ్య గంటల్లో ఒడ్డుకొస్తుంది. ట్రాలు వల అడుగున రొయ్య మిగతా సరుకు కింద నలిగి, బోటు తిరిగొచ్చేదాకా ఐసులో రోజులు గడుపుతుంది. రుచిలో తేడా జాతి వల్ల కంటే దీనివల్లే ఎక్కువ వస్తుందని నా నమ్మకం.

ట్రాలు వలకు ఇంకో పేచీ ఉంది. రొయ్యతో పాటు ఎదురొచ్చినదాన్నల్లా ఊడ్చేస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు అందులో చిక్కి ఊపిరాడక చనిపోతాయి. తాబేలు తప్పించుకునే పరికరం వలలకు అమర్చలేదన్న కారణంతోనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపేసింది. చెరువు రొయ్యలకు ఆ అడ్డు లేదు.

వేలిపొడవు కూడా లేని తెల్ల రొయ్య, టైగర్ పిల్లలు కనిపిస్తే నేను కొనను. అవి సముద్రానికి తిరిగి వెళ్లాల్సినవి.

5. తాజాదనం: తల చూడండి, ముక్కు పెట్టండి

రొయ్య తలలో జీర్ణరసాల గ్రంథి ఉంటుంది. చచ్చిన వెంటనే ఆ రసాలు సొంత మాంసాన్నే కరిగించడం మొదలుపెడతాయి. కాబట్టి పాడవడం తల దగ్గరే మొదలు. తల పట్టుకుని రొయ్యను ఎత్తండి. గట్టిగా అంటుకుని ఉంటే మంచిది. మెడ దగ్గర వేలాడితే, తల నుంచి నారింజరంగు నీళ్లు కారితే వదిలేయండి. కళ్లు నల్లగా మెరవాలి. వాసన సముద్రపు గాలిలా ఉండాలి. ముక్కుపుటాలకు గుచ్చుకునే అమ్మోనియా ఘాటు వస్తే బేరమే వద్దు.

తలమీద, కాళ్ల మొదట్లో నల్లమచ్చలు కనిపిస్తే చాలామంది కుళ్లిందనుకుంటారు. అది కుళ్లు కాదు. కోసిన వంకాయ నల్లబడినట్టే గాలి తగిలి జరిగే మార్పు. అయితే ఐసు సరిగా వేయలేదని, పట్టి చాలాసేపైందని ఆ మచ్చ చాడీ చెబుతుంది. మచ్చలు రాకుండా సల్ఫైటు మందులో ముంచే అలవాటు ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు. పెంకు మెత్తగా ఉంటే భయపడకండి. చాలాసార్లు అది కొత్తగా గుల్ల విడిచిన రొయ్యే. ధర తగ్గించమని అడగడానికి మాత్రం మంచి సాకు.

6. బేరం

'కౌంట్' అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ పెద్దది, 100 కౌంట్ చిన్నది. అంకె పెరిగేకొద్దీ రొయ్య తగ్గుతుంది, మొదటిసారి వినేవాళ్లు తిరగేసి అర్థం చేసుకుంటారు. తల, పెంకు తీసేశాక చేతికొచ్చేది సుమారు సగం బరువే. నలుగురికి కూర కావాలంటే కిలోకు తగ్గకుండా తీసుకోండి. వలిచిన రొయ్య కొంటే పని తప్పుతుంది గానీ, ముల్లూ తలా పోయాక ఇంతసేపు నేర్చుకున్న విద్య అంతా గంగపాలు.

7. ఇంటికి తెచ్చేదారి

సూళ్లూరుపేట వైపు నుంచి తెచ్చుకుంటే దాదాపు రెండు గంటల ప్రయాణం. థర్మాకోల్ పెట్టెలో కిలో రొయ్యకు కిలో ఐసు, ఒక పొర అది, ఒక పొర ఇది. పెట్టె అడుగున చిన్న రంధ్రం పెట్టి కరిగిన నీరు బయటికి పోయేలా చూడండి. నీటిలో నానిన రొయ్య చప్పబడుతుంది. అదే ప్రయాణంలో తిరుమలకు వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, కొండమీదికి మాంసాహారం నిషిద్ధం. అలిపిరి తనిఖీ దగ్గర రొయ్యల పెట్టెతో నిలబడే అవస్థ ఎవరికీ వద్దు.

8. శుభ్రం చేసి, వండండి

ఇంటికి రాగానే తలలు తీసేయండి, ఇది వాయిదా వేయకూడని పని. వీపుమీద చాకు కొనతో గీత పెట్టి నల్ల దారం లాగేయండి, అది దాని పేగు. ఉప్పు, పసుపు వేసి రుద్ది రెండు నీళ్లలో కడిగితే చాలు. తలలు, పెంకులు పారేయకండి. కొంచెం నూనెలో వేయించి, నీళ్లు పోసి పావుగంట మరిగించి వడకట్టండి. ఆ నీటితో పెట్టిన పులుసు రాగి సంగటిలోకి వస్తే మాట్లాడేవాళ్లుండరు. పచ్చిగా బూడిదరంగులో ఉన్న రొయ్య పొయ్యిమీద ఎర్రబడటం వంట మాయ కాదు. ఆ ఎరుపు ముందు నుంచీ ఉన్నదే, ఒక ప్రోటీను దాన్ని కప్పి ఉంచుతుంది, వేడికి అది వీడిపోతుంది.

ఎక్కువసేపు ఉడికించడమే మనవాళ్లు చేసే పెద్ద తప్పు. మసాలా అంతా ముందే మగ్గనిచ్చి రొయ్యలను చివర్లో వేయండి. నాలుగైదు నిమిషాలు చాలు. నెలవంకలా వంగితే దించేయండి. సున్నాలా చుట్టుకుందంటే రబ్బరు అయిందన్నమాట. రొయ్య పడనివాళ్లకు ఎంత ఉడికించినా పడదు, ఆ అలర్జీ కారకం వేడికి చావదు.

9. మామిడికాయ కాలంలో

చిత్తూరు వైపు తోతాపురి కాయలు పులుపెక్కేది సరిగ్గా వేట నిషేధం నడిచే రోజుల్లోనే. మామిడికాయ ఉంటే బోటు రొయ్య ఉండదు, బోటు రొయ్య వచ్చేసరికి మామిడికాయ పండైపోతుంది. మన అమ్మమ్మలు దీనికి దారి ఎప్పుడో కనిపెట్టారు: ఎండు రొయ్యలు. చలికాలంలో ఎండబెట్టినవి కొని డబ్బాలో దాచుకోండి. చేతిలో నలిపితే పొడిగా విరగాలి, తేమగా వంగితే బూజు పడుతుంది. వండే ముందు తలా తోకా గిల్లి, వట్టి మూకుడులో సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, తరువాత వేడి నీటిలో పది నిమిషాలు నానబెట్టండి. నీటిని వంచేయకుండా రొయ్యలను చేత్తో పైకి తీయండి, ఇసుక అడుగునే ఉండిపోతుంది. మామిడికాయ ముక్కలు సగం ఉడికాక వీటిని వేయాలి. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూశాకే. ఎండు రొయ్యలో ఎంత ఉప్పుందో వండాక గాని తెలియదు.